మళ్ళీ రావాల్సిన గుడి

శశికళ మాట విని బాగుపడినవాళ్ళు మా శాన్ రామన్‌లో ఒక్కరూ లేరు. ఆవిడ చెప్పిన డెంటిస్టు దగ్గరికి వెళ్ళి మా ఆయన నిక్షేపంలాంటి పన్ను పీకించుకొచ్చారు. ఆవిడ చెప్పిన ఎరువు వేస్తే ఏపుగా ఉన్న నా కరివేపాకు మొక్క వారం లోపల ఎండి ఊరుకుంది. అయినా పోయినేడాది వేసవిలో ఆవిడ మాటే విన్నాను. అవసరమొస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, నేను శశికళ మాట పట్టుకుంటే తప్పేమిటి!

"పద్మజా, హొనొలూలూలో జపాన్ వాళ్ళ గుడి ఒకటుంది. వందేళ్ళ పైమాటే. సిరి, అదృష్టం ఇచ్చే దేవుడట. మా కజిన్ ఫ్రెండ్స్ వెకేషన్‌కి వెళ్ళి, ఊరికే చూద్దామని లోపలికెళ్ళి దణ్ణం పెట్టుకొచ్చారు. నెల తిరిగేసరికి గ్రీన్ కార్డ్ అప్రూవ్ అయింది! నువ్వు మాత్రం ఒట్టి దణ్ణంతో రాకు. మన చిలుకూరులో లాగా పదకొండు ప్రదక్షిణలు చెయ్యి. పని అయితే మళ్ళీ వచ్చి నూట ఎనిమిది చేస్తానని మొక్కుకో" అంది ఫోన్‌లో.

"జపాన్ దేవుడికి చిలుకూరు రూల్స్ ఏమిటి శశీ?"

"దేవుడు ఎవరైనా దేవుడే. వీసా ఎవరిదైనా వీసానే" అంది.

హైదరాబాద్ పక్కన చిలుకూరు బాలాజీ సంగతి అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. వీసా కావాలంటే ఆ గుడి చుట్టూ పదకొండు చుట్లు. పని అయ్యాక వెళ్ళి నూట ఎనిమిది. మొదటివి అడగడానికి, రెండోవి కృతజ్ఞత చెప్పుకోవడానికి. మా ఆయన రామమోహన్ అప్పట్లో రెండూ చేశారు, మండుటెండలో, అరికాళ్ళు బొబ్బలెక్కేలా. మొక్కు ఎగ్గొట్టిన మనుషులమని మమ్మల్ని ఏ దేవుడూ అనలేడు.

ఇప్పుడు మాకు కావాల్సింది ఒకటే. మా నైనికకి ఇరవై ఒకటి నిండేలోపల గ్రీన్ కార్డు రావాలి. అది మాకు ఒక్కగానొక్క కూతురు. రెండేళ్ళ పిల్లని చంకనేసుకుని ఈ దేశం వచ్చాను. దానికి ఊరంటే శాన్ రామనే, బడంటే ఇక్కడి బడే. కానీ తండ్రి వీసా మీద ఆధారపడి ఉన్న పిల్ల, ఇరవై ఒకటి నిండగానే చట్టం ప్రకారం పిల్ల కాకుండా పోతుందట. ఆ తర్వాత మాకు కార్డు వచ్చినా దానికి రాదు. "నేను కన్న పిల్ల పిల్ల కాకుండా ఎలా పోతుందండీ?" అని లాయర్‌ని అడిగాను. ఆయన నవ్వలేదు కూడా, తల వంచుకున్నాడు.

మా లైను కదలదు. ఏ తేదీ వరకు అప్లై చేసినవాళ్ళకి కార్డులిస్తారో చెబుతూ నెలకోసారి వీసా బులెటిన్ అని వస్తుంది. ఒక నెల ఆ తేదీ వారం ముందుకి జరుగుతుంది. ఆరు నెలలు ఉన్నచోటే ఉంటుంది. ఒక్కోసారి వెనక్కి కూడా నడుస్తుంది. పదేళ్ళుగా ప్రతి నెలా ఆ బులెటిన్ చూసుకుని, ఫోన్ బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్ళి ఏదో ఒకటి గట్టిగా కడగడం నాకు అలవాటైపోయింది. నైనిక పుట్టినరోజు వినాయక చవితి వెనకాలే. మేము హవాయి వెళ్ళింది జులైలో.

"ఇది వెకేషనా, మొక్కా?" అని అడిగింది నైనిక, ఎయిర్‌పోర్ట్‌లో.

"రెండూ. ఒకే టికెట్ మీద."

ఎదురు మాట్లాడకుండా బయలుదేరినందుకే నాకు ఆశ్చర్యం. గుళ్ళూ మొక్కులూ అంటే మూతి తిప్పే పిల్ల. ఆ మే నెలలోనే డిగ్రీ అయింది దానికి, నాలుగేళ్ళ చదువు మూడేళ్ళలో ముగించింది. అంత హడావుడి ఎందుకే అంటే "జస్ట్ ఇన్ కేస్" అంది. ఏ కేసు అని నేను అడగలేదు. తెలివైన పిల్ల కదా, అందుకే తొందర అనుకుని మురిసిపోయాను.

గుడి సరిగ్గా ఫ్రీవే పక్కనే ఉంది. ఆ ఫ్రీవే పేరు హెచ్-వన్. పచ్చటి బోర్డు మీద తెల్లటి అక్షరాలతో అదే రాసుంది.

"ఏవండీ! పద్దెనిమిదేళ్ళుగా హెచ్-వన్ వీసా మీదే కదా బతుకుతున్నాం. ఇంత సముద్రం దాటొచ్చినా ఇదేనా మన ఖర్మ?"

"పార్కింగ్ ఈజీగానే దొరికింది" అన్నారాయన.

మా ఆయన తీరే అంత. మంచి మనిషి, మాట మెత్తన. కష్టం వస్తే మాత్రం కారు గురించి మాట్లాడతారు. మా మామగారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు కూడా గరాజ్‌లోకి వెళ్ళి నాలుగు టైర్లలో గాలి చూసుకుని వచ్చి, అప్పుడు ఏడ్చారు.

రెండు పెద్ద రాతి స్తంభాల మీద అడ్డంగా దూలాలు పెట్టిన వాకిలి. తలుపుల్లేవు. లోపల ఎత్తు మెట్ల మీద ముదురు చెక్కతో కట్టిన గుడి, చూరుకి లావుపాటి గడ్డితాడు, దానికి వేలాడుతూ మడతలు పెట్టిన తెల్ల కాగితాలు. మెట్లకి అటూ ఇటూ రాతినక్కలు, మెడల్లో ఎర్రగుడ్డలు. మనవైపు ఎవరికైనా అదృష్టం పడితే నక్క తోక తొక్కాడంటాం. ఇక్కడ నక్కలే కాపలా కూర్చున్నాయి. తోకలు మాత్రం నిటారుగా పైకెత్తుకుని ఉన్నాయి, ఎవరికీ తొక్కడానికి వీల్లేకుండా.

వాకిలి దాటగానే రాతితొట్టి, నీళ్ళు, వెదురు గరిటెలు. గుళ్ళో నీళ్ళు కనిపిస్తే చెయ్యి ఆగుతుందా! గరిటెతో అరచేతిలో పోసుకుని, మూడుసార్లు తీర్థం పుచ్చుకుని, తడిచెయ్యి తల మీద రాసుకున్నాను. ఆయనకీ పోశాను. ఆయనా కళ్ళకద్దుకుని తాగారు.

"అమ్మా! నో! అది తాగేది కాదు! హ్యాండ్స్ కడిగి, మౌత్ రిన్స్ చేసి, పక్కన స్పిట్ చెయ్యాలి. బొమ్మలు వేసి పెట్టారు చూడు!"

"దేవుడి దగ్గర నీళ్ళు ఉమ్మేస్తారటే? కళ్ళు పోతాయి."

"ఇట్స్ నాట్ తీర్థం, అమ్మా!"

"తాగేశాం కదా, ఇంక తీర్థమే" అన్నాను. మా ఆయన మూతి తుడుచుకుని తలూపారు. నైనిక నవ్వాపుకోలేక తొట్టి అంచు పట్టుకుంది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. దాని పాలపళ్ళప్పటి నవ్వే.

దణ్ణం పెట్టే పద్ధతి నైనిక యూట్యూబ్‌లో చూసి వచ్చిందట, మాకు నేర్పింది. పెట్టెలో నాణెం వెయ్యాలి, తాడు లాగి గంట మోగించాలి, రెండుసార్లు వంగాలి, రెండుసార్లు చప్పట్లు కొట్టాలి, కోరుకోవాలి, మళ్ళీ వంగాలి. చప్పట్లంటే నాకు వింతగా అనిపించింది గానీ, దేవుడు నిద్రపోతుంటే లేపాలి కదా, మంచిదే అనుకున్నాను. గట్టిగా కొట్టాను. నైనికకి కార్డు రావాలి తండ్రీ, అది నా దగ్గర ఉండాలి, అంతే అన్నాను. నాది అయిపోయి కళ్ళు తెరిచి చూస్తే అదింకా చేతులు జోడించే ఉంది. పెదవులు కదుపుతోంది.

"అంతసేపు ఏం కోరుకున్నావే?"

"చెప్తే వర్క్ చెయ్యదేమో" అంది.

తర్వాత అసలు పని. కొంగు నడుముకి దోపుకుని ప్రదక్షిణకి బయలుదేరాను. గుడికి కుడిపక్కగా వెళ్తే నాలుగడుగుల్లో గోడ. ఎడమపక్కన చెక్కగేటు, తాళం. సందులోంచి తొంగి చూస్తే అవతల ఎవరిదో ఇల్లు, దండెం మీద తువ్వాళ్ళు, గోడకానించి సైకిలు. గుడి వెనక్కి వెళ్ళే దారే లేదు. చుట్టూ తిరగడానికి వీల్లేని గుడి ఉంటుందని నాకు కలలో కూడా తట్టలేదు. ఆత్మప్రదక్షిణ చేద్దామా అంటే, నిలుచున్నచోట గిరగిరా తిరిగితే నాకు కళ్ళు తిరుగుతాయి. పైగా శశికళ గట్టిగా చెప్పింది, గుడి చుట్టూ అని.

పక్కనే తాయెత్తులమ్మే చిన్న కౌంటరు, అందులో ఒక జపాన్ పెద్దావిడ. పుట్టింది హవాయిలోనేనట, ఇంగ్లీషు మాకంటే శుభ్రంగా ఉంది. వెనకవైపు పూజారిగారి ఇల్లనీ, ఎవరూ వెళ్ళరనీ చెప్పింది. వెళ్ళి ఏం చేస్తారని అడిగింది. దేవుడి చుట్టూ తిరుగుతామని నైనిక చెప్పింది. ఆవిడ నవ్వలేదు, చాలా మంచి పద్ధతి అంది. ఈ గుడి కథ కూడా చెప్పింది. చెరుకుతోటల్లో కూలికొచ్చినవాళ్ళు పైసా పైసా వేసుకుని కట్టుకున్నారట. జపాన్‌తో యుద్ధం జరిగిన రోజుల్లో సర్కారు దీన్ని తీసేసుకుంటే, కోర్టుకెళ్ళి పోరాడి మళ్ళీ తెచ్చుకున్నారట.

"పాపం, ఈ దేవుడికీ లాయర్ కావాల్సొచ్చిందన్నమాట" అన్నాను మా ఆయనతో. అప్పటికి నాకు కాస్త ధైర్యంగానే ఉంది. కాగితాల కష్టం తెలిసిన దేవుడైతే మన గోడు వింటాడనిపించింది.

నైనిక తాయెత్తులు చూస్తోంది. జరీగుడ్డతో కుట్టిన చిన్నచిన్న సంచులు, పైన ముడేసిన తాడు. లోపల దేవుడి పేరు రాసిన చెక్కముక్క ఉంటుందట, విప్పి చూడకూడదట. నైనిక ఎర్రదొకటి తీసుకుంది. పెద్దావిడ దాన్ని కాగితం సంచిలో పెట్టి ఇస్తూ, ఏడాదిపాటు దగ్గర ఉంచుకో, ఏడాది నిండాక ఇక్కడికే తెచ్చివ్వు, దేవుడికి థాంక్స్ చెప్పి, పూజ చేసి అగ్నిలో వేస్తాం, అప్పుడు కొత్తది తీసుకోవచ్చు అంది.

నైనిక కాసేపు ఆ సంచి వైపే చూసింది. తర్వాత ఇంగ్లీషులో, నెమ్మదిగా అడిగింది. "మెయిల్ చెయ్యొచ్చా? కెనడా నుంచి?"

చాలామంది పంపుతారు, ఫరవాలేదు అంది ఆవిడ. కానీ నువ్వే తెస్తే బాగుంటుంది అంది.

"కెనడా ఎవరు వెళ్తున్నారు?" అన్నాను నేను. ఎవరో ఫ్రెండు కోసం అడుగుతోందనే అనుకున్నాను.

"నేనే అమ్మా. టొరంటో. మాస్టర్స్. సెప్టెంబర్‌లో స్టార్ట్. సీటు యాక్సెప్ట్ చేశాను." అది నా వైపు చూడలేదు. "ఈ ట్రిప్‌లో చెప్దాం అనుకున్నా. బీచ్‌లో. ఇక్కడ కాదు. సారీ."

నాకు నోట మాట రాలేదు. నాకు! నోరు విప్పితే ఆగదని మా పుట్టింటివాళ్ళు కూడా దణ్ణం పెట్టే మనిషిని. మా ఆయన వైపు చూశాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆయనకీ తెలియదు.

పెద్దావిడ ఏదో అర్థమైనట్టు తాయెత్తులు సర్దుతూ అటు తిరిగిపోయింది. నేను నైనికని నక్కల దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఇంకా టైముందే! వచ్చే నెల బులెటిన్ రావాలి, ఆ పై నెలది రావాలి. లాయర్ కూడా..."

"అమ్మా, ప్లీజ్. లాయర్ కూడా హోప్ అనడు, 'లెట్స్ సీ' అంటాడు. టెన్ ఇయర్స్ నుంచి చూస్తున్నా. నువ్వు ఫోన్ చూసి కిచెన్‌లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా కడుగుతావు. నాకు తెలీదనుకున్నావా?"

"అయితే ఇక్కడే స్టూడెంట్ వీసా తీసుకో. ఎంతమంది తీసుకోవట్లేదు?"

"తీసుకుని? మళ్ళీ వీసా లాటరీ, మళ్ళీ హెచ్-వన్, మళ్ళీ లైన్. నాన్న నిల్చున్న లైన్‌కి వెనకాల వెళ్ళి నిల్చోవాలి, ఫ్రమ్ ది బిగినింగ్. అక్కడైతే కొన్ని ఇయర్స్‌లో వాళ్ళే ఉండమంటారు. ఐ కాంట్ డూ దిస్, అమ్మా. నేను టయర్డ్." పక్కనున్న నక్క మెడలో ఎర్రగుడ్డ సర్దింది. "నాకు ట్వెంటీ ఇయర్సే. ఇప్పుడే టయర్డ్."

కోపం వచ్చింది నాకు. దాని మీద కాదు. ఎవరి మీదో తెలిస్తే ఎంత బాగుండును! ఈ వ్యవహారంలో పట్టుకుని నాలుగు దులపడానికి ఒక మనిషి దొరకడు. లాయర్ మంచివాడు. ఆఫీసువాళ్ళు టైముకి అన్నీ పంపారు. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు, అయినా నా పిల్ల వెళ్ళిపోతోంది. ఆ రాతినక్కని అయినా తన్నాలనిపించింది. కాలే నొప్పెడుతుందని ఊరుకున్నాను.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నారు. "వీధిలోంచి తిరిగితే గుడి చుట్టూ తిరిగినట్టే కదా" అన్నారు. "కారులో తిరుగుదామా?"

ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నాకు జాలేసింది. చేతకాని మనుషులం ఇద్దరం. ఆయన చేతిలో ఉన్నది ఆ కారు తాళం ఒక్కటే. వద్దంటే ఆయన ఏం చేస్తారో తెలియక సరే అన్నాను.

రెంటల్ కారులో మా ప్రదక్షిణలు మొదలయ్యాయి. ఆయన డ్రైవింగ్, పక్కన నేను చేతులు జోడించుకుని, వెనక సీట్లో నైనిక. గుడి ముందు వీధి, మూల మీద లాండ్రీ షాపు, దాని పక్క సందు, ఆపైన ఫ్రీవే వెంబడి ఇరుకు రోడ్డు, మళ్ళీ గుడి. దేవుడు ఎప్పుడూ మా కుడిచేతివైపే ఉండాలని ఆయన ముందే ఫోన్‌లో మ్యాప్ చూసుకున్నారు. ఇంజనీరు కదా. గుడి వాకిలి వచ్చినప్పుడల్లా కారు నెమ్మది చేసేవారు, నేను దణ్ణం పెట్టేదాన్ని. వెనకాల కార్లవాళ్ళు హారన్ కొట్టేవాళ్ళు.

"వన్" అంది నైనిక వెనక నుంచి. నేను లెక్కపెట్టమనలేదు. అదే మొదలుపెట్టింది.

రెండో చుట్టులో లేన్ తప్పారు.

"నాన్నా, రైట్! రైట్! నాన్నా..."

తిరిగేలోపలే రోడ్డు మమ్మల్ని ఎత్తుకుపోయినట్టు పైకి తీసుకెళ్ళి హెచ్-వన్ మీద పడేసింది. గుడి పైకప్పు అద్దంలో ఒక్కసారి కనిపించి వెనక్కి పోయింది. ముందూ పక్కనా కార్లు, ఆగడానికి లేదు, తిరగడానికి లేదు. ఆయన స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ముందుకు చూస్తున్నారు. తర్వాతి ఎగ్జిట్ చాలా దూరంలో వచ్చింది.

"ఇది లెక్కలోకి వస్తుందా?" అన్నాను వెనక్కి వచ్చాక.

"కాస్త పెద్ద చుట్టు, అంతే" అన్నారాయన. నైనిక నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే ఏడుపొచ్చేసింది. ఇంక దాచుకోలేదు. సీటు బెల్టు బిగించుకుని, చేతులు జోడించుకుని, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

"అమ్మా" అంటూ ముందుకి వంగి నా భుజం మీద గడ్డం పెట్టింది నైనిక. చిన్నప్పుడు కార్ సీట్లోంచి బయటికొచ్చేసి అలాగే పెట్టేది. "నేనేం కోరుకున్నానో చెప్పనా? మీకు గ్రీన్ కార్డ్ రావాలని అడిగాను. నీకు, నాన్నకి."

"మరి నీకో?"

"నాకు అడగలేదు."

"ఎందుకే?"

"అయ్యేది అడగాలి కదా, అమ్మా." చిన్నపిల్లకి నచ్చచెప్పినట్టు చెప్పింది. "మీకు వస్తే నువ్వింక ఫోన్ చూసి ఏడవవు. నాకు అది చాలు."

మా ఆయన కారు నడుపుతూనే ఉన్నారు. నోటికొచ్చిన మాట అన్నాను. "ఊరికే అడిగితే ఇచ్చేస్తాడా? మొక్కుకున్నావా?"

"మొక్కు అంటే... ప్రామిస్సా?"

"పని అయితే మళ్ళీ వచ్చి నూట ఎనిమిది చుట్లు తిరుగుతానని చెప్పాలి."

అది కిటికీలోంచి గుడి వైపు తిరిగి చేతులు జోడించింది. "ఓకే దేవుడూ. అమ్మకీ నాన్నకీ వస్తే నేను వచ్చి వన్ నాట్ ఎయిట్ చేస్తా. ప్రామిస్" అంది. ఆ తర్వాత "ఫైవ్ అయింది, నాన్నా" అంది.

మిగతా చుట్లలో నేను అడగాల్సింది అడుగుతూనే ఉన్నాను. నా కూతురు నా దగ్గర ఉండాలి, నా కూతురు నా దగ్గర ఉండాలి. తొమ్మిదో చుట్టుకి ఆ మాటలు నాకే వినపడటం మానేశాయి.

ఆగస్టు బులెటిన్‌లో మా తేదీ కదల్లేదు. సెప్టెంబరులోనూ కదల్లేదు. నైనికని టొరంటో విమానం ఎక్కించాం. చవితి వెళ్ళాక పుట్టినరోజు వచ్చింది. ఫోన్‌లో దానికి చూపించి, నేను చేసిన పరమాన్నం మేమే తిన్నాం. ఆ రోజుతో అది మా కాగితాల్లోంచి జారిపోయింది.

అక్టోబరులో మా తేదీ ఒక్క గంతు వేసి ముందుకి దూకింది. ఏళ్ళ తరబడి మొరాయించినది, నా పిల్ల పుట్టినరోజు దాటేదాకా కాచుకుని కూర్చున్నట్టు దూకింది. ఫోన్ చూసి నేను ఏడవలేదు. స్టవ్ మీద పెసరట్టుంటే తిరగేశాను. మా ఆయనకి చెబితే ఆయన గరాజ్‌లోకి వెళ్ళారు. వసంతంలో మా ఇద్దరి కార్డులూ పోస్టులో వచ్చాయి.

శశికళ స్వీట్ బాక్సుతో దిగింది. "చూశావా, నేను చెప్పలా! నక్క తోక తొక్కారు మీరు!" అంది. నేను ఆ స్వీటు నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ మాట ఫలించడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆవిడని తిట్టడానికి కూడా లేదు.

నైనికైతే ఫోన్‌లో ఎగిరి గంతేసింది. "అమ్మా! వర్క్ చేసింది! నేను అడిగింది వర్క్ చేసింది!" దాని ముఖంలో దిగులు చాయ కూడా లేదు, నిజంగా సంతోషం. "సమ్మర్‌లో నేను వస్తా. హొనొలూలూ వెళ్దాం. నా వన్ నాట్ ఎయిట్ ఉంది."

విజిటర్ వీసాకి అప్లై చేసింది. ఇవ్వలేదు. తల్లీతండ్రీ ఇక్కడ గ్రీన్ కార్డు మీద ఉన్నారు కాబట్టి, వస్తే తిరిగి వెళ్ళదని అనుమానం వచ్చిందట. అంటే మా కార్డే దానికి అడ్డమైంది. మే నెలలో మేమే వెళ్ళి దాన్ని చూసొచ్చాం. ఒక గది, కిటికీలో తులసి మొక్క, ఇద్దరు రూమ్‌మేట్స్. చుట్టాల్లా వారం ఉండి, చుట్టాల్లా పెట్టె సర్దుకున్నాం. వచ్చేటప్పుడు ఎర్ర తాయెత్తు నా చేతిలో పెట్టింది. అంచులు మాసిపోయి, జరీ లేచిపోయి ఉంది.

"నువ్వు ఇవ్వమ్మా. చేత్తో తెచ్చిస్తే బాగుంటుందని గుళ్ళో ఆవిడ అంది కదా." నా పెట్టె జిప్పు లాగుతూ అడిగింది, "నా మొక్కు నీకు ట్రాన్స్‌ఫర్ అవుతుందా?"

"అవుతుంది" అన్నాను. "తల్లికి అవుతుంది. మన దేవుళ్ళ దగ్గర ఎంత వయసొచ్చినా పిల్ల పిల్లే."

ఈ జులైలో మళ్ళీ వెళ్ళాం. అదే వాకిలి, అవే నక్కలు. తొట్టి దగ్గర నైనిక చెప్పిన పద్ధతి ప్రకారం నోరు పుక్కిలించి పక్కన ఉమ్మాను. కౌంటర్‌లో అదే పెద్దావిడ ఉంది. మమ్మల్ని గుర్తుపట్టింది, కారులో గుడి చుట్టూ తిరిగినవాళ్ళని ఎవరు మరిచిపోతారు! తాయెత్తు రెండు చేతులతో అందుకుని, నుదుటికి ఆనించుకుని, ఆ అమ్మాయి రాలేదా అని అడిగింది. రాలేకపోయిందన్నాను. ఏడాది బాగా గడిచిందా అంది.

"బాగా గడిచింది" అన్నాను. అబద్ధం కూడా కాదు, అదే నా బాధ.

కొత్తది కావాలా అని అడిగింది. తీసుకుంటే మళ్ళీ ఏడాదికి తెచ్చివ్వాలి. ఎర్రదే తీసుకున్నాను.

కారు దగ్గరికి వచ్చాం. వెనక సీట్లో ఇడ్లీల డబ్బా, నీళ్ళ సీసాలు పెట్టుకున్నాం, నూట ఎనిమిదంటే పొద్దు గూకుతుంది మరి. ఆయన ఎక్కి కూర్చుని, అద్దం సరిచేసుకుని, "గ్యాస్ ఫుల్ ట్యాంక్ కొట్టించాను" అన్నారు. నేను చేతులు జోడించుకున్నాను. నా కూతురు మొక్కుకుంటే మాకు కార్డు వచ్చింది. మాకు కార్డు వచ్చినందుకు దానికి వీసా రాలేదు. తిరగాల్సిన మనిషిని రానివ్వలేదు, అందుకని మేము తిరుగుతున్నాం.

కారు కదిలాక ఆయన అడిగారు. "ఈసారి ఏమడుగుదాం పద్మా? నైనిక సంగతి అడుగుదామా?"

"ఇవి మొక్కు తీర్చే చుట్లు" అన్నాను. "వీటిల్లో ఏమీ అడక్కూడదు. థాంక్స్ చెప్పాలి, అంతే."

ఆయన తలూపి, లాండ్రీ షాపు దగ్గర రైట్ తిప్పారు.